పదకొండింటికి వచ్చే చేతులు

సభకు అధ్యక్షులుగా వరంగల్ నుంచి బస్సుల రద్దీలో నిలబడి వచ్చిన డివిజనల్ ఇంజనీరు హన్మంతరావు గారికి, ఇవాళ సాయంత్రం అయిదు గంటలతో ఉద్యోగం ముగించుకుంటున్న మా సూపర్‌వైజర్ వెంకట్రాం గారికి, ఆయన పక్కన కూర్చుని నేనేం మాట్లాడతానో అని కంగారుపడుతున్న వారి ఇల్లాలు శశికళమ్మ గారికి, ఊరి పెద్దలకు, మన ఎక్స్ఛేంజి చందాదారులకు, ఎండలో వానలో స్తంభాలెక్కే లైన్‌మన్ అన్నలకు, నా తోటి ఆపరేటర్లకు పేరుపేరునా నమస్కారం.

నా గొంతు చిన్నది. భద్రూ, ఆ మైకు కొంచెం ఇటు జరుపు నాయనా. ఆ, చాలు.

సభలో నిలబడి మాట్లాడటం నాకు ఇదే మొదటిసారి. పాతికేళ్లుగా నేను మాట్లాడిన మాటలు మూడే. "నంబర్ చెప్పండి", "లైన్ మీద ఉండండి", "మూడు నిమిషాలయింది". ఇక్కడ కూర్చున్నవాళ్లలో నా ముఖం ఇవాళే చూసినవాళ్లు సగం మంది ఉంటారు, నా గొంతు వినని వాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. మీ ఇళ్ల పెళ్లి కబుర్లూ చావు కబుర్లూ నా చేతుల మీదుగానే వెళ్లాయి. అందుకని ఇవాళ ఒక్కరోజు నన్ను మూడు నిమిషాలకు కట్ చేయవద్దని మనవి. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు వెంకట్రాం సార్ మంచితనం గురించి చాలా చెప్పారు. అదంతా నిజమే. అరవై తొమ్మిది ఉద్యమంలో రైళ్లు ఆగిపోయి, డ్యూటీ మారాల్సిన వాళ్లు జనగామలోనే చిక్కుకుపోతే, నేనూ సారూ రెండు పగళ్లు రెండు రాత్రులు స్విచ్‌బోర్డు ముందు నుంచి లేవలేదు. అప్పుడాయన కూడా నాలాగా ఆపరేటరే. కోస్తా వైపు నుంచి ట్రంకు కాలు కలిపే అమ్మాయి మన మాట విని కిసుక్కున నవ్వి, "గట్లనా అండీ, గిట్లనా అండీ" అని ఆటపట్టిస్తే, సార్ చాలా నెమ్మదిగా, "గట్లనే తల్లీ. నువ్వు నవ్వుడయినంక లైన్ ఇయ్యి, ఈడ ఒకామె తన కొడుకు పానంతోని ఉన్నడా లేడా అని ఎదురుచూస్తాంది" అన్నారు. అటువైపు నవ్వు ఆగిపోయింది. లైన్ వచ్చింది. కొడుకు బాగానే ఉన్నాడు. సార్ మంచితనం గురించి నేను చెప్పేది అంతే.

ఇక నేను చెప్పదలచుకున్నది సార్‌తో నేను పడిన గొడవ గురించి. ఇలాంటి రోజున గొడవ మాటేమిటని కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. ఇవాళ ముప్పై ఒకటో తారీఖు. ఆరేళ్లుగా నేను బోర్డు మీద అందరిలా ఏడు గంటలు కాకుండా అయిదు గంటలే పనిచేస్తున్నాను, అది కూడా పొద్దున కాకుండా పదకొండు నుంచి నాలుగు దాకా. దానికి ఏ ఉత్తర్వూ లేదు. సార్ రోజూ పెట్టే ఒక సంతకం మీద అది నడుస్తోంది. రేపటి నుంచి ఆ సంతకం ఉండదు. నేను ఏం చెప్పినా దాని గురించే చెబుతున్నానని ముందే మనవి చేస్తున్నాను.

నాకు కీళ్లవాతం. డెబ్బై ఎనిమిదిలో మొదలయింది. వరంగల్‌లో డాక్టరు గారు చూసి, "ఇది తగ్గిపోయే జబ్బు కాదమ్మా, మీతో పాటు ఉండే జబ్బు, సర్దుకోవాలి" అన్నారు. ఇందులో ఉన్న చిత్రం ఏమిటంటే, పొద్దున లేచేసరికి వేళ్లు చెక్కముక్కల్లా ఉంటాయి. చెంబు పట్టుకోలేను. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. పొద్దెక్కిన కొద్దీ ఒక్కొక్క వేలే వదులవుతుంది. పదిన్నర దాటితే నేను మళ్లీ మామూలు మనిషిని. మధ్యాహ్నం నన్ను చూసినవాళ్లు ఈమెకు జబ్బంటే నమ్మరు. పొద్దున చూసినవాళ్లు ఈమెకు ఉద్యోగమంటే నమ్మరు.

ఆ సంగతి ఎనిమిది నెలలు దాచాను. అది నా తప్పు. ఆరు గంటల డ్యూటీకి నాలుగింటికే లేచి వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని స్వామి నామాలు చదువుకునేదాన్ని. నామాలు పూర్తయ్యేవి, నీళ్లు చల్లారేవి, వేళ్లు మాత్రం అలాగే ఉండేవి. మా పుట్టిల్లు చిల్పూరు. బుగులు వెంకటేశ్వర స్వామికి మొక్కుకున్నాను, గుట్ట మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతానని. మోకాళ్లు కూడా జబ్బులో చేరాయి కాబట్టి ఆ మొక్కు ఇంకా స్వామి దగ్గరే ఉంది. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు. నేను చెప్పేదేమిటంటే, దేవుణ్ణి అడగాల్సింది దేవుణ్ణి అడిగాను కానీ, సార్‌ను అడగాల్సింది సార్‌ను అడగలేదు. భయం. ఆడమనిషి జబ్బు అని నోరు తెరిస్తే ఇంటికి పంపిస్తారని భయం.

చివరికి మిరపకాయలు నా గుట్టు బయటపెట్టాయి. పోశాలు గారూ, మీరు ఎదుటి వరుసలోనే కూర్చున్నారు, చెప్పనా? చెప్పమంటున్నారు. డెబ్బై తొమ్మిది మాఘమాసం. పొద్దున్నే ఆరూ ఇరవైకి గుంటూరు నుంచి పద్నాలుగో నంబరుకు ట్రంకు కాలు. పద్నాలుగు మన పోశాలు గారిది. దాని పక్క రంధ్రం పదిహేను, వారి చిన్నాయన కొడుకు, అంటే పాలోడు, ముత్యం గారిది. ఇద్దరిదీ కేసముద్రం మార్కెట్ యార్డులో మిరప వ్యాపారం, ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కరు. బోర్డు మీద రంధ్రాలు ఎంత దగ్గరగా ఉంటాయో మా వాళ్లకు తెలుసు. ప్లగ్గు సరిగ్గా కూర్చుందా లేదా అన్నది కంటికంటే ముందు వేలికి తెలియాలి. ఆ పొద్దు నా వేలికి ఏమీ తెలియలేదు. పద్నాలుగు అనుకుని పదిహేనులో పెట్టాను.

ముత్యం గారు ఫోను తీశారు. గుంటూరు ఆయన, "సరుకు ఎంతుంటే అంత ఇవాళే కొనండి, రేపు ధర ఆకాశంలో ఉంటుంది" అన్నారు. ముత్యం గారు "ఊఁ" అన్నారట. అంతే. ఒక్క "ఊఁ" అని, చెప్పులు వేసుకుని, మొదటి రైలుకు కేసముద్రం వెళ్లి యార్డులో ఉన్న మిరప మొత్తం బేరం చేశారు. (చాలాసేపు నవ్వులు) ముత్యం గారూ, మీరు తల వంచుకోవలసిన పనిలేదు, తప్పు నాది.

పది గంటలకల్లా పోశాలు గారు ఎక్స్ఛేంజిలో ఉన్నారు. "ఏందమ్మా కమలమ్మా! నాకొచ్చిన మాట తీస్కపోయి నా పాలోని చెవుల వోస్తివి! గిట్లనేనా కొలువు చేసేది?"

సార్ ఆయనను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నన్ను పక్క గదిలోకి పిలిచారు. "ఊకో కమలమ్మా, పరేషాన్ గాకు. లైన్ ఖరాబైందని రాస్త. గుంటూరు తీగెలు ఎవలు జూడవొయ్యిన్రు?"

"వద్దు సార్. తీగె మంచిగనే ఉన్నది. నా వేళ్లే ఖరాబైనయి" అన్నాను.

"ఎన్నాళ్ల సంది?"

"ఎనిమిది నెలల సంది."

"ఎనిమిది నెలలు దాస్తివా? నేనేమన్న పులినా?"

"పులి కాదు సార్. సూపర్‌వైజర్." (నవ్వులు)

అప్పుడు ఆయనకు కూడా నవ్వు వచ్చింది. కానీ నేను గంటలు తగ్గించమని అడిగేసరికి ఆ నవ్వు పోయింది. "గిది సర్కారు కొలువమ్మా. చేతనైనంత చేసి పొయ్యేటందుకు బీడీల కార్ఖానా కాదు. చేస్తే మొత్తం చెయ్యాలె, లేకుంటే ఇంటికి పోవాలె, నడుమ లేదు. మెడికల్ బోర్డుకు రాస్త, వాళ్లు పనికిరావని రాసిస్తరు, ఇంట్ల కూసుండి పింఛను తిను. నీ మంచికే చెప్తున్న."

ఆ మాట నా మంచికే అన్నారని నాకు ఇప్పటికీ తెలుసు. అయినా ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఇంటాయన బడిపంతులు, ఇద్దరం బతకడానికి ఆయన జీతం సరిపోతుంది, జాలి అడగడానికి నా దగ్గర కథేమీ లేదు. కానీ పనికిరావు అని ఒక కాగితం మీద రాయించుకోవడానికి నేను ఒప్పుకోదలచుకోలేదు. ఎందుకంటే అది నిజం కాదు.

మర్నాడు సార్‌తో ఒకటే మాట అన్నాను. "నా చేతులు పోలేదు సార్. పొద్దుటిపూట ఉండయి, అంతే. పదకొండింటికి వస్తయి."

"ఏ రైలుకు వస్తయి?" అన్నారు ఆయన.

అలా ఆ పూట నన్ను నవ్వించి పంపేశారు. నాకు అర్థమయింది, మాటలతో అయ్యే పని కాదని. ఇంటికి వెళ్లి కేలెండరు దించాను. నేను రోజూ స్వామికి పూలదండ కట్టి వేస్తాను. నా పెళ్లయిన నాటి నుంచి తెల్లవారకముందే కట్టేదాన్ని. జబ్బు మొదలయ్యాక దారం ముడి వేయడానికి వేళ్లు వంగేవి కావు. సెలవు పెట్టి, ఒక నెల రోజులు, ముడి ఎన్నింటికి పడితే ఆ వేళ ఆ తారీఖు గడిలో రాశాను. పది ఇరవై. పది నలభై. ఒకరోజు ముసురు పట్టి పదకొండూ అయిదు. ఒకరోజు తొమ్మిదిన్నరకే పడింది, ఆ రోజు ఏడ్చాను. నెల నిండాక ఆ కేలెండరు తీసుకెళ్లి సార్ బల్ల మీద పరిచాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని గడి గడీ చూశారు. పూర్తిగా చూశారు. తర్వాత, "అంటే స్వామికి పూజ పదకొండింటికి జేస్తున్నవా? ఇరవై ఏండ్ల సంది పొద్దుగాల లేచే దేవుడు ఆలస్యానికి ఒప్పుకున్నడా?" అన్నారు.

"ఒప్పుకున్నడు సార్. ఇగ మీరే మిగిలిన్రు."

(చప్పట్లు) చప్పట్లు నాకు వద్దు, దయచేసి.

సార్ ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు. "నేనొక్కన్ని ఒప్పుకుంటే గాదు. నువ్వు తక్కువ జేసిన గంటలు ఎవలో ఒకలు మొయ్యాలె. వాళ్లను నువ్వే అడుగు. నేను హుకుం జేసి మొయ్యిస్తే నిన్ను జన్మంత తిడుతరు."

అది సరైన మాట. అప్పుడు తిట్టుకున్నాను, ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను. నా తోటి ఆపరేటరు రాజీని అడిగాను. రాజీకి అప్పుడు ఏడాది పిల్ల. ఆమె ఏమందో ఇవాళ ఆమె అనుమతితోనే చెబుతున్నాను. "అక్కా, నీకు నొప్పి, ఒప్పుకుంట. నా బిడ్డ లేవంగనే నన్ను జూడకుంటే ఊరంత వినబడేటట్టు ఏడుస్తది. నీ పొద్దు నాకిస్తున్నవ్ సరే, నా పొద్దు నేనెవలికియ్యాలె?"

జబ్బు ఉన్నవాళ్లం ఒక్కోసారి అందరి కష్టాలూ మనదాని ముందు చిన్నవనుకుంటాం. చిన్నవి కావు. రెండు రోజులు ఆలోచించి మళ్లీ వెళ్లాను. "పొద్దుటిపూట నీ మీద గంటన్నరే పడుతది, మిగిలింది భద్రు చూస్తడు. దానికి నీ ఆదివారాలన్నీ నేను చేస్త. బతుకమ్మ తొమ్మిది రోజులు పన్నెండింటికే నువ్వు ఇంటికి పో" అన్నాను.

"పండుగ నాడు నువ్వు బోర్డు మీద కూసుంటవా? ముక్కోటి ఏకాదశి నాడు గూడ?"

"కూసుంట."

"నువ్వా?" అని నా నుదుటి బొట్టు వైపు చూసింది. తర్వాత డ్యూటీ మార్పు చీటీ మీద సంతకం చేసింది. ఆ పాప ఇప్పుడు రెండో తరగతి, అదిగో, మొదటి వరుసలో బిస్కెట్లు తింటోంది.

భద్రుది రాత్రి డ్యూటీ. ఆరింటికి దిగిపోవలసినవాడు నా కోసం ఇంకా ఆగాలి. అతను అడిగింది ఒకటే, తమ లంబాడీల పండుగకు సెలవు. "నాకు తీజ్ తొమ్మిదొద్దులు ఇడిసిపెట్టుండ్రి అక్కా. తండల ఆడివిల్లలు ఆడిపాడుతాంటె నేనీడ హలో హలో అనుకుంట కూసోవాల్నా?" ఇచ్చాం. ఆరేళ్లలో ఒక్క తీజ్ కూడా తప్పలేదు కదా భద్రూ? తప్పలేదట.

అలా మొదలయింది. ఆపరేటర్లు ఒకరి డ్యూటీ ఒకరు మార్చుకోవచ్చని నియమం ఉంది, దానికి రోజుకొక చీటీ రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించాలి. ఏ రోజుది ఆ రోజే. ఆరేళ్లు, ప్రతి రోజూ, ఆ చీటీ. సార్ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు చీటీ వారి ఇంటికి పట్టుకెళ్లాను. శశికళమ్మ గారు గడపలో అడ్డం నిలబడ్డారు. "మనిషి సలిజరంతోని వణుకుతుండు, నీకు సంతకం గావాల్నా?" నేను "కావాలె అమ్మా" అన్నాను. సిగ్గుపడుతూనే అన్నాను. లోపలి నుంచి సార్, "రానియ్యి, ఆమె చేతులచ్చే యాళ్లయింది" అని కేక వేశారు. శశికళమ్మ గారూ, ఆ రోజు మీరే ఆయన వెనక దిండు పెట్టి కలం అందించారు. నేను మరిచిపోలేదు.

ఒక సంగతి కూడా దాచకుండా చెబుతాను. రోజూ పదకొండింటికి నేను లోపలికి అడుగుపెట్టగానే సార్ అందరి ముందూ, "వచ్చినయా చేతులు?" అని అడిగేవారు. ఆయనకది ఆప్యాయత. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. నాకది నచ్చేది కాదు. మేలు చేసిన మనిషితో ఈ మాట నచ్చలేదని ఎలా చెప్పడం? నాలుగేళ్లు పట్టింది చెప్పడానికి. చెప్పిన రోజు ఆయన ముఖం చిన్నబోయింది. మర్నాటి నుంచి మానేశారు. "నమస్తే కమలమ్మా" అని మాత్రం అన్నారు. సార్, మీరు చీటీల మీద పెట్టిన సంతకాలన్నీ ఒక ఎత్తు, ఆ "నమస్తే" నాకు ఒక ఎత్తు.

ఇక అధ్యక్షుల వారితో నా మనవి. సార్, కొత్త సూపర్‌వైజర్ గారు రేపు వస్తున్నారు. వారు చీటీ మీద సంతకం పెట్టను అంటే ఎవరూ వారిని తప్పు పట్టలేరు, ఎందుకంటే చీటీ ఒక రోజు అవసరానికి పెట్టిన నియమం. నేను అడిగేది, పదకొండు నుంచి నాలుగు దాకా డ్యూటీ నా పేరు మీద చార్టులోనే రాయమని. ట్రంకు కాల్స్ ఊపిరాడనివ్వని గంటలు అవే. ఈ ఆరేళ్లలో ఆ గంటల్లో నా మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు, పోశాలు గారిని అడగండి.

(సభలోంచి పోశాలు: "లేదు సార్! ఇప్పుడు నా ఫోను నాకే వస్తాంది!" నవ్వులు)

దరఖాస్తు రాసి తెచ్చాను. రాజీ, భద్రు, ఇంకో ఆపరేటరు అరుణ కూడా సంతకాలు చేశారు. ఈ సంగతి ఇక్కడ చెబుతానని వెంకట్రాం సార్‌కు నిన్ననే చెప్పాను. "చెప్పుపో, ఇగ నన్నేం జేస్తరు, ఎల్లుండి సంది ఇంటికాడ కోళ్లు గాసుకుంట" అన్నారు. ఇదిగోండి సార్.

(అధ్యక్షులు కాగితం అందుకుని చదివారు. "వరంగల్ వెళ్లాక చూస్తానమ్మా. తక్కువ గంటలు అనేది రూల్స్‌లో లేదు" అన్నారు.)

తెలుసు సార్. పనికిరావని రాసిచ్చే మెడికల్ బోర్డు మాత్రం రూల్స్‌లో ఉంది. మీరు వరంగల్ వెళ్లి చూసేలోపల రేపు పొద్దున ఆరు గంటలు వస్తుంది. చార్టులో నా పేరుంది. నేను వస్తాను. బోర్డు ముందు కూర్చుంటాను. ఎవరి మాట ఎవరి చెవిలో పడుతుందో నాకు తెలియదు. నేను బెదిరించడం లేదు, నాకు బెదిరించడం రాదు. మీకు ముందే చెప్పకపోతే అది మళ్లీ దాచడమవుతుంది, ఒకసారి దాచి చూశాను. మీరు రాసేదాకా నేను ఇక్కడే నిలబడతాను సార్. నాకు తొందర లేదు.

(అధ్యక్షులు వెంకట్రాం గారితో మెల్లగా మాట్లాడి, కలం తీసి కాగితం మీద రాసి ఇచ్చారు.)

నలుగురూ వినేలా చదువుతాను. "ప్రస్తుతం ఉన్న ఏర్పాటును మూడు నెలల వరకు చార్టులో నమోదు చేసి కొనసాగించవలెను. తర్వాత పరిశీలించబడును." కింద సంతకం, తారీఖు.

మూడు నెలలు. నేను అడిగింది నా ఉద్యోగం ఉన్నంతకాలం. కానీ నిన్నటి దాకా నాకు ఒక్కొక్క రోజే ఉండేది. ఒక్కొక్క రోజు చొప్పున ఆరేళ్లు వచ్చినదాన్ని, మూడు నెలల చొప్పున మిగిలిన ఎనిమిదేళ్లు రాలేకపోను. మీకు కృతజ్ఞురాలిని సార్. వెంకట్రాం సార్, మీకూ శశికళమ్మ గారికీ స్వామి నిండు ఆయుష్షు ఇవ్వాలి. ఓపికగా విన్న మీ అందరికీ నా నమస్కారాలు.

ఇంజనీరు గారూ, ఈ మూడు నెలలు నిండే జనవరి ముప్పై ఒకటో తారీఖున వరంగల్‌లో మీ గది ముందు ఉంటాను. రాజీ కూడా వస్తానంటోంది. సెలవు.